ఆఫ్రికన్ మహాగని: కందుకూరు పక్క నాలుగెకరాల్లో వేయొచ్చా?

మన్నేరు_గట్టు
కందుకూరు పక్కన నాకు నాలుగెకరాలుంది. రెండున్నర ఎర్ర గరప, ఒకటిన్నర నల్లరేగడి. ఇన్నేళ్లూ సుబాబుల్ వేశాం. కాగితం మిల్లు రేటు, కోత కూలి, లారీ బాడుగ, మధ్యలో దళారీ, అన్నీ పోగా చేతిలో పడేది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఈసారి మోళ్లు కూడా పీకించేశా. నేల ఖాళీగా ఉంది.

ఈమధ్య ఒక కంపెనీ ఏజెంటు ఊళ్లోకి వచ్చాడు. రామాలయం దగ్గర తెర కట్టి ప్రొజెక్టర్ పెట్టి మరీ చూపించాడు. ఆఫ్రికన్ మహాగని. పదడుగులకొకటి చొప్పున ఎకరాకు 435 మొక్కలు. పన్నెండేళ్లకు చెట్టుకు 20 సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) కలప, సీఎఫ్‌టీ 1,500 రూపాయలు. అంటే ఎకరాకు కోటీ ముప్పై లక్షలు. మొక్క 150. చెట్లు మళ్లీ వాళ్లే కొంటామని బాండు పేపరు మీద బై బ్యాక్ రాసిస్తారట. మా బావమరిది అప్పుడే రెండెకరాలకు అడ్వాన్సు కట్టేశాడు. ఇంట్లో రోజూ ఇదే గోల.

నాకు తెలియాల్సింది: ఈ చెట్టు మన ఎండలకు తట్టుకుంటుందా? రేగడిలో వస్తుందా? పన్నెండేళ్లకు నిజంగా కలప అవుతుందా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెంచినవాళ్లుంటే చెప్పండి. ఏజెంట్లు దయచేసి ఫోన్ నంబర్లు పెట్టొద్దు.

ఒంగోలు_గిత్త
ఎకరాకు కోటీ ముప్పై లక్షలొచ్చే పనైతే ఆ ఏజెంటు ఎర్రటెండలో ప్రొజెక్టర్ మోసుకుంటా ఊరూరా ఎందుకు తిరుగుతున్నాడబ్బా? ఓ పదెకరాలు కౌలుకు తీసుకుని నాటుకుని పడుకోవచ్చుగా.

కనిగిరి_ఎండ
మా ఊళ్లో బతికేదేదైనా మీ ఊళ్లో బతుకుతుంది. మావైపు ఒక ఆసామి ఇంటి వెనక రెండు చెట్లున్నాయి. బాగానే ఉన్నాయి. కలప సంగతి నాకు తెలియదు.

నర్సరీ_కావలి
నాది చిన్న నర్సరీ. నేనూ మహాగని మొక్కలు అమ్ముతా, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి. కానీ ముందు ఒకటి తేల్చుకోవాలి. మీకు చూపించింది ఏ చెట్టు?

మన దగ్గర ఆఫ్రికన్ మహాగని పేరుతో అమ్ముతున్న దాంట్లో చాలాభాగం అసలు ఆఫ్రికాదే కాదు. అది స్వీటీనియా మాక్రోఫిల్లా, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా చెట్టు. ఆఫ్రికాది ఖాయా. రెండూ వేప కుటుంబమే, రెండింటి కలపనూ బజారులో మహాగనే అంటారు. మళ్లీ ఖాయాలోనూ రకాలున్నాయి. ఖాయా ఐవరెన్సిస్ అనేది దట్టమైన వానల అడవి చెట్టు, మన వానలకు దాన్ని తలుచుకోవడం కూడా దండగ. మెట్ట నేలకు పనికొచ్చేది ఖాయా సెనెగలెన్సిస్. సెనెగల్ నుంచి సూడాన్, ఉగాండా దాకా గడ్డిభూముల్లో, వాగుల పక్కన పెరుగుతుంది. అక్కడ వాన ఏడాదికి 700 నుంచి 1,500 మిల్లీమీటర్లు, అదీ కొన్ని నెలల్లోనే కురిసి మిగతా కాలమంతా ఎండ. ప్రకాశంలో 800–900, నెల్లూరులో వెయ్యి దాటుతుంది. కాబట్టి వాన లెక్కలో మనం దాని హద్దులోనే ఉన్నాం.

మొక్కప్పుడే గుర్తుపట్టొచ్చు. స్వీటీనియా చిట్టాకును పట్టుకుని మొదలు చూడండి: ఈనెకు ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి ఉంటుంది, సాపుగా ఉండదు. కొస సన్నగా సాగి ఉంటుంది. ఖాయా చిట్టాకు రెండు పక్కలా దాదాపు సమానం, కొస మొద్దుగా ఉంటుంది. విత్తనం దొరికితే ఇంకా సులువు. స్వీటీనియా గింజకు ఒకవైపు పొడవాటి రెక్క ఉంటుంది, కిందపడేటప్పుడు గిరగిరా తిరుగుతుంది. ఖాయా గింజ పలుచగా, గుండ్రంగా, చుట్టూ కాగితం లాంటి అంచుతో ఉంటుంది.

మన్నేరు_గట్టు
@నర్సరీ_కావలి, ఆ ప్రొజెక్టర్ బొమ్మల్లో ఆకు దగ్గరగా ఎక్కడా చూపించలేదు. లారీల నిండా దుంగలు, పక్కన ఇంగ్లిషు మనిషి. అంతే.

నిమ్మచెట్టు_పొదలకూరు
ఆ ఇంగ్లిషు మనిషి మా ఊరి మీటింగుకూ వచ్చాడు. అదే బొమ్మ. మాకు మాత్రం దాన్ని మలబారు వేప అన్నారు.

ఒంగోలు_గిత్త
పాపం ఆయనకు తెలుసో లేదో, తన పేరు మీద ఇన్ని చెట్లు అమ్ముడవుతున్నాయని.

అడితి_బాబాయ్
నేను ఒంగోలులో కలప అడితి నడుపుతున్నా, మా నాయన కాలం నుంచీ. మీ ఏజెంటు లెక్కలో ఒక్క అంకె పట్టుకుంటే చాలు, మిగతాది దానంతటదే కూలుతుంది. చెట్టుకు 20 సీఎఫ్‌టీ అన్నాడు కదా.

దుంగను మేం ఎట్టా కొలుస్తామో చెప్తా. దుంగ నడుమ దగ్గర టేపు చుట్టి చుట్టుకొలత అంగుళాల్లో తీస్తాం. దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తాం. ఇప్పుడు 20 సీఎఫ్‌టీ రావాలంటే? నడుమ చుట్టుకొలత 48 అంగుళాలు, నిటారు పొడవు 20 అడుగులు ఉండాలి. 12 పన్నెండ్లు 144, ఇంటూ 20, బై 144. సరిగ్గా ఇరవై. అంటే నాలుగడుగుల చుట్టుకొలత ఉన్న చెట్టు, ఇరవై అడుగుల దాకా కొమ్మ లేకుండా, వంకర లేకుండా. అట్లాంటివి పదడుగులకొకటి చొప్పున 435. పన్నెండేళ్లలో. ఒక్కటీ చావకుండా.

అదే చుట్టుకొలత 30 అంగుళాలు, పనికొచ్చే పొడవు పదడుగులు అనుకోండి. ఏడున్నర ఇంటూ ఏడున్నర ఇంటూ 10, బై 144. నాలుగుకు కొంచెం తక్కువ. చుట్టుకొలత తగ్గితే కలప వర్గంలో తగ్గుతుంది, ఏజెంట్లు దాన్ని చెప్పరు. పైగా 30 అంగుళాల దుంగలో చేవ, అంటే లోపలి గట్టి చెక్క, ఎంత? పై తెల్లచెక్క చెక్కేస్తే మంచానికి కోళ్లొస్తాయి, ద్వారబంధానికి చాలదు. 1,500 రేటు పెద్ద దుంగ మీద చెప్పే రేటు. సన్న దుంగకు ఆ రేటు నేనివ్వను, ఇంకెవరూ ఇవ్వరు.

దర్శి_మనసు_హైదరాబాద్_మనిషి
అంత నెగటివ్‌గా చూడక్కర్లేదేమో. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, దర్శి దగ్గర మూడెకరాలు ఊరికే పడుంది. ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసుకుంటే చాలనే పంట ఇదొక్కటే. పైగా ఈ చెట్టు నరకడాన్ని ఆఫ్రికాలో బ్యాన్ చేశారని చదివా. సప్లై తగ్గితే రేటు పెరుగుతుంది కదా?

ఒంగోలు_గిత్త
ఏడాదికి రెండుసార్లా? సంక్రాంతికొకసారి, ఫొటోకొకసారి.

రిటైర్డ్_రేంజర్
బ్యాన్ కాదు. ఏజెంట్లు దాన్ని బ్యాన్ అని చెప్పుకుంటున్నారు. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపారానికి సైటీస్ అనే ఒప్పందం ఉంది. 2022 నవంబరులో పనామాలో జరిగిన సమావేశంలో ఖాయా జాతుల్ని రెండో అనుబంధంలో చేర్చారు, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. రెండో అనుబంధం అంటే పర్మిట్ ఉంటే ఎగుమతి చేయొచ్చు, అడవికి చేటు లేదని ఆ దేశం తేల్చాలి. అదీ ఆఫ్రికాలో పెరిగిన చెట్లకే. మీ దర్శి చెట్టుకు దాంతో సంబంధం లేదు. పందొమ్మిదో శతాబ్దం నుంచి ఓడలకెత్తి యూరప్‌కు తోలితే అక్కడి పెద్ద చెట్లు తరిగిపోయాయి, అందుకొచ్చిన నియమం ఇది. అక్కడ వందేళ్ల చెట్టుకు పలికే ధర చూపించి ఇక్కడి పన్నెండేళ్ల చెట్టుకు లెక్క కడితే ఎట్లా?

ఇంకోటి. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ఉంది. సుబాబుల్, జామాయిల్, సరుగుడు లారీకెత్తినంత సులువుగా ప్రతి చెట్టూ ఎత్తలేరు. నరికే ముందు అనుమతి, రవాణాకు పర్మిట్ ఏం కావాలో ఇప్పుడే మీ అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. నాటినప్పుడు పంట నమోదులో చెట్లు ఎక్కించుకుంటే రేపు "ఇవి మా పొలంలోవే" అని నిరూపించడానికి తిప్పలు తగ్గుతాయి.

దర్శి_మనసు_హైదరాబాద్_మనిషి
ఈ బ్యాన్ తేడా నాకు తెలియదు. థ్యాంక్స్ అండీ.

ఉదయగిరి_కొండగాలి
పెంచినవాళ్లు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. నా దగ్గర ఉన్నవి ఖాయా సెనెగలెన్సిసే. కోయంబత్తూరు వైపు తెలిసినాయన ద్వారా తెప్పించి గట్ల వెంట వేశా. నేల ఎర్రది, గులకరాయి కలిసింది, బోరు నీళ్లు అంతంతమాత్రం. తొమ్మిదేళ్లయింది.

మంచి సంగతి ముందు. ఒకసారి తల్లివేరు దిగాక నీళ్లడగలేదు. మొదటి రెండు వేసవులు మాత్రం డ్రమ్ములతో పోశాం, అది తప్పదు. మే నెలలో మా టేకు చెట్లు మోడులై నిలబడితే ఇవి పచ్చగా ఉంటాయి. ఆకు రాల్చడం ఉంది, కానీ అట్లా రాల్చి ఇట్లా ఎర్రటి చిగురేస్తాయి. గొడ్లన్నీ మధ్యాహ్నం వాటి కిందే.

ఇక రెండోది. నాటిన మూడో ఏడు వానలకు కొత్త చిగుర్లు బాగా వచ్చాయి, చూసి మురిసిపోయాం. కొన్నాళ్లకు ఒక్కో చెట్టు తల వాలిపోతోంది. దగ్గరికెళ్లి చూస్తే మొవ్వు పక్కన సన్న బెజ్జం, అందులోంచి రంపపు పొట్టు లాంటిది జిగురుతో కలిసి గోధుమరంగు ముద్దగా అంటుకుని ఉంది. చిగురు చీలిస్తే లోపల పురుగు. అది మొవ్వు తినేశాక చెట్టు ఊరుకోదు, కింద నుంచి నాలుగైదు పిలకలు ఒకేసారి లేపుతుంది. వాటిని వదిలేశామా, అది చెట్టు కాదు, పొద. నేను ఒక్కటి ఉంచి మిగతావి కత్తిరించుకుంటా వచ్చా. అయినా సగం చెట్లకు మనిషెత్తు దాటంగానే పంగ పడింది. నిటారుగా నిలిచినవాటిలో బాగున్నదాని చుట్టుకొలత ఇప్పుడు 28 అంగుళాలు.

అడితి_బాబాయ్
@ఉదయగిరి_కొండగాలి, పంగ దాకా పొడవెంత?

ఉదయగిరి_కొండగాలి
ఎనిమిదడుగులు.

అడితి_బాబాయ్
28లో నాలుగోవంతు ఏడు. ఏడు ఇంటూ ఏడు నలభైతొమ్మిది, ఇంటూ 8, బై 144. రెండు ముప్పావు సీఎఫ్‌టీ. తొమ్మిదేళ్లకు, గట్టు మీద విశాలంగా పెరిగిన చెట్టుకు, అందులో మంచిదానికి. ఇక మూడేళ్లలో ఇరవై ఎట్టా అవుతుందో మీ ఏజెంటునే అడగండి.

నర్సరీ_కావలి
బాబాయ్ లెక్క తప్పని నేననను. కానీ మీరు ఒక్క చెట్టు చూసి తీర్పు చెప్పేస్తున్నారు. గులకరాయి నేల, నీళ్లు తక్కువ. అదే మన్నేరు ఏటి పక్క ఒండ్రు నేలయితే, డ్రిప్పు ఉంటే, మొదటి నాలుగేళ్లు పురుగును కాసుకుంటే లావు వేరేగా ఉంటుంది. సుబాబుల్ మొదట వచ్చినప్పుడూ కంపచెట్టని నవ్వారు జనం. తర్వాత జిల్లా అంతా అదే.

అడితి_బాబాయ్
సుబాబుల్‌కు ముందు మిల్లు ఉంది, తర్వాత పొలంలోకి చెట్టొచ్చింది. దీనికి చెట్టు ముందొస్తోంది, కొనేవాడు పన్నెండేళ్ల తర్వాత వస్తాడని బాండు పేపరు చెప్తోంది. తేడా అదే. నేను చెట్టును తిట్టడం లేదబ్బాయ్. ముదిరిన చెట్టు తెస్తే కళ్లకద్దుకుని కొంటా.

నర్సరీ_కావలి
ముదిరిన చెట్టు కావాలంటే ఎవరో ఒకరు ఇప్పుడు నాటాలిగా.

అడితి_బాబాయ్
నాటమను. అప్పు చేసి నాటొద్దను.

రిటైర్డ్_రేంజర్
@ఉదయగిరి_కొండగాలి చెప్పిన ఆ మొవ్వు పురుగు హిప్సిపైలా రోబస్టా. మన దేశంలో టూనా (తూన్) చెట్టుకూ మహాగనికీ అదే శత్రువు. ఒక్క మహాగనే వందల చెట్లు పక్కపక్కన వేస్తే దానికి బంతి భోజనం. ఏదో ఒక నీడ, వేరే చెట్ల మధ్యలో వేస్తే దాడి తగ్గుతుంది. మందు కొట్టడం కష్టం, ఎందుకంటే అది చిగురు లోపల ఉంటుంది. వాలిన చిగురును బెజ్జం కిందికి, లోపల పచ్చి తెల్లగా కనబడేదాకా కోసి కాల్చేయడం, ఒక్క పిలకే ఉంచడం, అదే మందు. పన్నెండు, పదిహేనడుగుల కాండం నిటారుగా లేచేదాకా ఈ కాపలా తప్పదు. ఏడాదికి రెండుసార్లొచ్చే యజమానికి ఇది కుదరదు, ఏమనుకోకండి.

దర్శి_మనసు_హైదరాబాద్_మనిషి
ఏమీ అనుకోను సార్. మా నాన్నా ఇదే చెప్తున్నాడు, కాకపోతే ఇంత మర్యాదగా కాదు.

నైలు_నుంచి_నెల్లూరు
నేను కొన్నేళ్లు సూడాన్‌లో పనిచేశా. ఖార్టూమ్‌లో నైలు ఒడ్డున రోడ్డు పొడుగునా ఈ చెట్లే, ఇంగ్లిషోళ్ల కాలంలో వేసినవి. ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా అందని మొదళ్లు. 45 డిగ్రీల ఎండలో ఆ నీడన టీ అమ్మే ఆడవాళ్లు వరసగా కూర్చునేవాళ్లు. అట్లాంటి చెట్టు నీడే వేరు. కానీ వాటి వేళ్ల కింద నైలు నది ఉంది, అది కూడా లెక్కలో రాసుకోండి.

పశ్చిమ ఆఫ్రికా వాళ్లు మాతో పనిచేసేవాళ్లు. మాలీ అతను దీన్ని జాలా అనేవాడు, జెంబే డప్పు దీంతోనూ తొలుస్తారట. చేదుగా ఉండే బెరడు కషాయం జ్వరానికి తాగుతారని, ఎండాకాలం గడ్డి లేనప్పుడు ఫులానీ పశువుల కాపర్లు కొమ్మలు కొట్టి ఆవులకు మేపుతారని చెప్పాడు.

నిమ్మచెట్టు_పొదలకూరు
కషాయం మాత్రం ఎవరూ ఇంట్లో కాచుకోకండి సామీ, ఫోరం మీద చదివి. మేత సంగతి బాగుంది. మా గేదెలు తింటాయా?

ఉదయగిరి_కొండగాలి
గేదెల సంగతి తెలియదు, మేకలు మాత్రం వదలవు. మొదటి ఏడు కంచె లేని వైపు మొక్కలన్నీ వాటి పాలే.

తీరం_సరుగుడు
రామాయపట్నం దగ్గర మాది. తీరం పక్కన ఇసుక నేలల్లో సరుగుడు తప్ప ఇంకోటి వేయమని నేను ఎవరికీ చెప్పను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మా ఊళ్లో గుబురు తల ఉన్న చెట్లన్నీ నేలకొరిగాయి. ఈ మహాగనికి తల బరువు. వియత్నాంలో హనోయ్ వీధుల్లో ఫ్రెంచివాళ్ల కాలం నుంచి ఇవే చెట్లు. 2024 సెప్టెంబరులో యాగి తుపానుకు అక్కడ వేల చెట్లు పడ్డాయి, వాటిలో ఇవీ ఉన్నాయి. బజారులో వేళ్లకు చోటుండదు, అది వేరే సంగతి. కానీ మన నెల్లూరు వానల్లో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడతాయి, నేల నానిపోయి ఉన్నప్పుడే గాలీ వస్తుంది. ఇంటి మీదకు పడే దూరంలో మాత్రం వేయొద్దు.

ఉదయగిరి_కొండగాలి
మా వైపు కొండ అడ్డం కాబట్టి గాలి అంత లేదు. రెండు వంగాయి, పడలేదు. మీరన్నది తీరానికి నిజమే.

చిత్రిక
అందరూ చెట్టు మీదే ఉన్నారు, చెక్క గురించి నేను చెప్తా. వడ్రంగం మాది. ఒక కాలేజీ ఆవరణలో తుపానుకు పడిన పాత ఖాయా చెట్టు దుంగలు మా మేస్త్రి కొన్నాడు. సామిల్లులో కోయించి నేనూ తలుపులు చేశా.

కోసినప్పుడు లేత గులాబీ. గాలి తగిలేకొద్దీ ఎర్రగోధుమ. టేకు కన్నా బరువనిపించింది. నార ఒక పొర ఇటు తిరిగితే పై పొర అటు తిరుగుతుంది. అందువల్ల చిత్రిక ఏ వైపు నుంచి పట్టినా ఎక్కడో ఒకచోట పెచ్చులు లేస్తాయి. బ్లేడు బాగా నూరి, పలచగా, ఏటవాలుగా పట్టాలి, తర్వాత గాజు కాగితం. కానీ పాలిష్ పడ్డాక అదే నార వెలుగులో పట్టుచీర అంచులా ఒక చార మెరిసి ఒక చార నల్లబడుతుంది. చూసినవాళ్లు చెయ్యి వేయకుండా పోలేదు. పొట్టు మాత్రం గొంతు పట్టేస్తుంది, మూతికి గుడ్డ కట్టుకునే చేశాం. పెదవి మీద పడితే చేదు.

తెల్లచెక్క అంచు కొంచెం కూడా ఉంచకండి. మా కుర్రాడు ఒక కిటికీ రెక్కకు పొదుపని అంచు కలిపి వేశాడు, ఏడాది తిరిగేసరికి దాని కింద గోడ మీద పిండి రాలుతోంది, పురుగు. చేవ దగ్గర ఏమీ కాలేదు. చెదలకు చేవ కూడా పూర్తిగా ఎదురు నిలవదు, అందుకని నేలను తాకే గుమ్మాలకు నేను వాడను. తలుపు పలకలు, బీరువాలు, మంచాలు, బల్లలు, వీటికి మాత్రం టేకు తర్వాత దీనికే నా ఓటు. పలకలు కోశాక నీడన పేర్చి మధ్య మధ్య రీపర్లు పెట్టి, కొసలకు రంగు పూసి ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో వేస్తే పలక పడవ.

మన్నేరు_గట్టు
@చిత్రిక అన్నా, పన్నెండేళ్ల చెట్టు చెక్క కూడా ఇట్లాగే ఉంటుందా?

చిత్రిక
లేత చెట్టు నా చేతికి రాలేదు. మేం కోసినది బాగా ముదిరింది. మా మేస్త్రి చెప్పేది ఏ చెట్టుకైనా ఒకటే: లేతది కోస్తే వంకర పోతుంది, రంగు పలచగా ఉంటుంది.

రిటైర్డ్_రేంజర్
ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్ వైపు ఈ చెట్టు తోటలు చాలాకాలంగా ఉన్నాయి. అక్కడ ముప్పై ఏళ్లు దాటిన చెట్లను కోసి పలకల నాణ్యత చూశారు, బాగుందనే తేల్చారు. పన్నెండు కాదు, ముప్పై.

కందుకూరు_బావమరిది
నేను మొదటి నుంచీ చదువుతున్నా. ఆ అడ్వాన్సు కట్టిన బావమరిదిని నేనే. బావ ఇక్కడ పెట్టాడని మా అక్క చెప్పింది. నా వైపూ వినండి. రోజూ పొలానికి పోయేది నేను. శనగ వేస్తే ధర లేదు, పొగాకు వేస్తే ఆకు కాల్చే బ్యారన్ కట్టెలకే సగం పోతోంది. ఏదో ఒకటి కొత్తది చేయకపోతే ఎట్లా? ఏజెంటు నమూనాకని ఇచ్చిన మొక్కలు రెండు వాకిట్లో ఉన్నాయి. @నర్సరీ_కావలి గారు చెప్పినట్టు ఆకు చూశా. మొదలు ఒకవైపు ఎక్కువ దిగి ఉంది, కొస సన్నగా సూదిలా ఉంది.

నర్సరీ_కావలి
అయితే అది స్వీటీనియా. ఆఫ్రికాది కాదు. చెడ్డ చెట్టని కాదు, కలప మంచిదే, కాకపోతే మీ ఎర్ర గరపలో నీళ్లు పెట్టకుండా ఖాయా ఓర్చుకున్నంత అది ఓర్చుకోదు. నేను అదే మొక్క 40కి అమ్ముతున్నా.

ఒంగోలు_గిత్త
150లో 110 ప్రొజెక్టర్ బాడుగ.

అడితి_బాబాయ్
బావమరిది గారూ, కొత్తది చేయాలన్న మీ ఉబలాటాన్ని ఎవరూ తప్పు పట్టడం లేదు. ఆ బాండు పేపరులో కొనే రేటు దగ్గర ఏం రాసుందో ఇక్కడ పెట్టండి.

కందుకూరు_బావమరిది
"పక్వానికి వచ్చిన చెట్లను కంపెనీ నిర్ణయించిన గ్రేడు ప్రకారం, ఆనాటి మార్కెట్ ధరకు కొనుగోలు చేయబడును. కనీస చుట్టుకొలత 48 అంగుళాలు."

అడితి_బాబాయ్
48 కన్నా తక్కువుంటే కొనక్కర్లేదు. ఉన్నా గ్రేడు వాళ్లిష్టం. 1,500 అన్న మాట ఎక్కడా లేదు. ఇంకేం చెప్పను?

రిటైర్డ్_రేంజర్
అడ్వాన్సు రసీదు, ఆ పేపరు, నమూనా మొక్కల ఫొటో దగ్గర పెట్టుకోండి. మొక్కలు దించుకోక ముందే, చెప్పిన రకం ఇది కాదు, డబ్బు వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడగండి, రిజిస్టర్డ్ పోస్టులో. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, వకీలు లేకుండా కూడా వేసుకోవచ్చు. మొక్కలు దించుకుని నాటేశాక మాట్లాడితే బలం తగ్గుతుంది.

కందుకూరు_బావమరిది
సరే. రేపే రాస్తా. బావా, ఇంటికొచ్చాక ఈ సంగతి ఎత్తొద్దు.

మన్నేరు_గట్టు
ఎత్తను. మీ అక్క ఎత్తితే నా పూచీ లేదు.

అందరి మాటా విన్నాక నాకిట్లా అనిపిస్తోంది. రేగడి ఒకటిన్నరలో కంది వేస్తా. ఎర్ర గరపలో ఎకరన్నర నిమ్మ, దాని చుట్టూ, మిగతా ఎకరం గట్ల మీద ఖాయా ఓ అరవై మొక్కలు, మధ్య మధ్య వేప, టేకు కలిపి. మా పిల్లలు ఇల్లు కట్టుకునేనాటికి తలుపులకు పనికొస్తే చాలు. రేగడిలో ఖాయా ఎందుకు వద్దన్నానంటే, మా రేగడి వానాకాలం నెలరోజులు నీళ్లు పట్టి ఉంటుంది, ఎండాకాలం కాలు పట్టేంత నెర్రెలిస్తుంది. లేత మొక్క వేళ్లు ఆ నెర్రెల్లో తెగిపోతాయని నా భయం. తప్పయితే చెప్పండి.

నర్సరీ_కావలి
భయం సరైనదే. వాగుల పక్కన పెరిగే చెట్టు కాబట్టి ముదిరాక కొన్నాళ్లు నీళ్లు నిలిచినా ఓర్చుకుంటుంది. లేతప్పుడు నీరు ఇంకిపోయే లోతైన నేల కావాలి.

నిమ్మచెట్టు_పొదలకూరు
నిమ్మ దగ్గర దీన్ని వేసేటప్పుడు జాగ్రత్త. తూర్పు, దక్షిణం వైపు వేయొద్దు, నీడ పడితే నిమ్మకు పూత తగ్గుతుంది. పడమర, ఉత్తరం గట్లకే పెట్టు, పడమటి గాలిక్కూడా అడ్డం. నిమ్మ వరసకూ దీనికీ కనీసం ఇరవై అడుగులు వదులు. పక్క పొలం వాడి గట్టుకు కూడా అంతే వదిలితే మంచిది, లేకపోతే పదేళ్లకు నీడ పడుతోందని పంచాయితీ పెడతాడు. మా ఊళ్లో రెండు కుటుంబాలకు ఇప్పటికీ మాటల్లేవు, మధ్యలో ఉన్నది ఒక్క చింతచెట్టు.

ఉదయగిరి_కొండగాలి
కందికి కూడా రెండు సాళ్లు వదులుకో. మా గట్టు పక్క రెండు సాళ్లు ఎప్పుడూ గిడసబారతాయి.

మన్నేరు_గట్టు
గుంతలు ఎప్పుడు తీయించాలి? మొక్క ఎంత ఎత్తుది తీసుకోవాలి?

నర్సరీ_కావలి
గుంతలు వేసవిలోనే తీయించి ఎండకు వదిలేయండి. అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోయించండి. నాటేటప్పుడు పైమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి ముందు వేయాలి. మీ వైపు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి వానలకు నాటితే డిసెంబరు దాకా నీళ్ల బాధ ఉండదు. రెండడుగుల మొక్క చాలు. నాలుగైదడుగులది బాగుందని తీసుకోకండి, కవర్లో వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, అట్లాంటిది గాలికి పడేది. కవరు చింపగానే అడుగున వేరు మెలిక పడిందేమో చూసి, పడితే కత్తిరించి నాటండి.

నా దగ్గర ఇప్పుడు ఖాయా లేదు. కావాలంటే విత్తనం తెప్పించి పోస్తా. తాజా గింజే బాగా మొలుస్తుంది, నిల్వ ఉంటే పురుగు పడుతుంది, కాబట్టి ముందే చెప్పాలి.

మన్నేరు_గట్టు
అరవై కాదు, డెబ్బై పోయండి. మేకలకు పది.

ఉదయగిరి_కొండగాలి
పది చాలవు. కంచె వేయించు.